ఓడ స్తంభం కింది రాగి బిళ్ల

సెయింట్ పీటర్స్ రేవు,
ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి.
అక్టోబరు 19, 1958

బావగారికి,

ఎఫీ నమస్కారాలు. మీ తమ్ముడు రాడీ క్షేమం. గుర్రం కూడా క్షేమం. ఇద్దరిలో గుర్రమే కాస్త ఎక్కువ మాట్లాడుతుంది కాబట్టి ఉత్తరం నేనే రాస్తున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మా లైనునే ఊళ్లో చాలా ఇళ్లు పంచుకుంటాయి. నేను హలో అనేలోపు అందరి రిసీవర్లూ లేస్తాయి. ఈ సంగతి అప్పుడే ఊరి నోట్లో పడటం నాకిష్టం లేదు.

పోయిన వారం పెద్ద గాలివాన కొట్టింది. తెల్లారాక అందరిలాగే మీ తమ్ముడూ గుర్రాన్ని కట్టుకుని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు లాగడానికి వెళ్లాడు. ఇసుక తిన్నె సగం కోసుకుపోయి, కింద పాత ఓడ ఒకటి బయటపడిందట. మిగిలింది అడుగు వెన్నుకొయ్యా, తెరచాప కట్టే పెద్ద స్తంభం కాలు దిగే గుంటా అంతే. ఆ గుంటలో వేలు పెట్టి కెలికితే రాగి బిళ్ల దొరికింది. మీరు పోగేస్తుంటారే, ఓడ బొమ్మ ఉన్న ఆ పాత అర పెన్నీ బిళ్ల, అదే. ఉప్పు తినేసింది గానీ, చెక్కకు ఆనుకుని ఉన్నవైపు ఓడ కనిపిస్తోంది.

ఇక్కడ ఓడలు కట్టిన ఈనియస్ మెకినిస్ ముసలాయన సంగతి మీకు తెలియంది కాదు. స్తంభం నిలబెట్టేముందు దాని కింద నాణెం పెట్టడం అందరూ చేసేదే. ఈయన మాత్రం అచ్చంగా ఒకలాంటి బిళ్లలు రెండు వెతికి, పక్కపక్కన పెట్టి చూసుకుని, ఒకటి స్తంభం కింద పెట్టి రెండోది కెప్టెన్ భార్య చేతికిచ్చేవాడు. కిందది పైదాన్ని వెతుక్కుంటూ ఇంటికొస్తుందని ఆయన నమ్మకం.

మన పొరుగింటి బెల్లా పెద్దమ్మ దగ్గర అలాంటి బిళ్ల ఉంది. వాళ్లమ్మది. పెద్దమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న మర్డాక్ ఫిన్లేసన్ ఈనియస్ చేత కొత్త ఓడ కట్టించుకుని, కూతురి పేరే పెట్టాడు, అరబెల్లా అని. మరుసటి ఏడు అక్టోబరులో ఓట్లూ బంగాళదుంపలూ వేసుకుని న్యూఫౌండ్‌లాండ్ వెళ్లాడు. తిరిగి రాలేదు. ఓడను బోస్టన్ వైపు అమ్ముకుని, అక్కడి గ్లాస్టర్ రేవులో ఇంకో కాపురం పెట్టాడని ఊరు తీర్పు చెప్పేసింది. తోడు వెళ్లిన ఇద్దరూ పక్క దీవి కేప్ బ్రెటన్ వాళ్లు, వాళ్ల సంగతి ఇక్కడెవరికీ పట్టలేదు.

ఇప్పుడు చర్చివాళ్లు రేవు దగ్గర రాయి నిలబెడుతున్నారు. సముద్రంలో పోయినవాళ్ల పేర్లన్నీ చెక్కిస్తారు. ఫిన్లేసన్ పేరు మాత్రం జాబితాలో లేదు. కమిటీ పెద్ద ఆర్చీ మెకెక్రన్ మంచివాడే గానీ, "పారిపోయినవాణ్ని మునిగిపోయినవాళ్ల పక్కన ఎలా పెట్టమంటావు ఎఫీ? రుజువు చూపించు, నేనే ఉలి పట్టుకుంటాను" అన్నాడు. బిళ్ల చూపిస్తే, ఈనియస్ ఓడలు ఈ తీరంలో ఇంకో రెండు మునిగాయి కదా, అన్నాడు. రాయి చెక్కేవాడికి జాబితా ఏప్రిల్ ఆఖరులో పోతుంది.

ఈ రెండు బిళ్లలూ జంట అవునో కాదో మీరే చెప్పాలి. పెద్దమ్మ తన బిళ్లను గుమ్మం దాటనివ్వదు. అందుకని రెండిటినీ రొట్టె పిండిలో అద్ది పంపుతున్నాను.

మీ మరదలు
ఎఫీ


లూనెన్‌బర్గ్, నోవా స్కోషియా.
నవంబరు 4, 1958

ఎఫీకి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పిండి ముద్దలు అందాయి. దారిలో బూజు పట్టి రెండు ఓడలకీ గడ్డాలు మొలిచాయి. పక్కింటి పిల్లికి పెట్టబోతే అది కూడా ముఖం తిప్పుకుంది. నలభై ఏళ్లు ఓడలకు తాళ్లు కట్టి బతికాను, ఆ తర్వాత ఈ బిళ్లలు పోగేస్తున్నాను. వంటింటి సరుకు చూసి అచ్చు తేల్చమన్న మొదటి మనిషివి నువ్వే.

ఎలా చెయ్యాలో చెబుతాను, శ్రద్ధగా విను. మందుల షాపులో పళ్ల డాక్టర్లు వాడే ప్లాస్టర్ అడుగు. బిళ్లకు నూనె పల్చగా రాసి, ప్లాస్టర్ మీద నొక్కి, గట్టిపడ్డాక తియ్యి. దేన్నీ తోమకు. వెనిగరు పెట్టి మెరిపించావని తెలిస్తే ఈ జన్మకు నీతో మాట్లాడను.

ఆ బిళ్లలు కొట్టిన ఉక్కు అచ్చులు చేత్తో చెక్కినవి. ఒక అచ్చు పాడైతే ఇంకోటి చెక్కేవాళ్లు. చెక్కే మనిషి ఎంత ప్రయత్నించినా రెండోసారి అదే ఓడ రాదు. ఒక అచ్చులో వెనక జెండా ఎగురుతుంది, ఇంకోదాంట్లో తడిగుడ్డలా వేలాడుతుంది. ఒకదాంట్లో అలలు ఓడ ముక్కు దాకా వస్తాయి, ఇంకోదాంట్లో ముందే ఆగిపోతాయి. బిళ్ల అరిగినా అచ్చు గుర్తులు పూర్తిగా చావవు. ఎదురు వెలుతురులో చూస్తే ఏమీ కనిపించదు. కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు పక్కవాటుగా పడేలా బిళ్లను మెల్లగా తిప్పుతూ ఉంటే, లేదనుకున్న గీత లేచి నిలబడుతుంది. ఆ క్షణం కోసమే ఈ పిచ్చి.

ఒక్క మాట. ముసలావిడకు ఆశ పెట్టకు. ఆ గ్లాస్టర్ కథ ఊరికే పుట్టిందని నేననుకోను.

రాడీని అడిగానని చెప్పు. అడిగినట్టు గుర్రానికి కూడా చెప్పు.

లాక్లన్


సెయింట్ పీటర్స్ రేవు.
నవంబరు 27, 1958

బావగారికి,

చీవాట్లు అందాయి. కడుపు నిండింది. ఇదిగో ప్లాస్టర్ ముక్కలు. మొదటివి రెండు విరిగాయి, తర్వాతవి చక్కగా వచ్చాయి. కోకో డబ్బాలో పట్టకపోతే చుట్టూ కత్తితో చెక్కి, దూదిలో చుట్టి పెట్టాను. ఓడల జోలికి మాత్రం పోలేదు.

పెద్దమ్మ బిళ్ల మీకు కాస్త కష్టమే. వాళ్లమ్మ దాన్ని బొటనవేలితో రాస్తూనే బతికిందట. మర్డాక్‌ను తల్చుకున్నప్పుడల్లా రాసేది, తిట్టుకున్నప్పుడల్లా రాసేది. ఓడ వంక చూస్తే ఓడ నీడలా ఉంది.

ముద్ర తీస్తున్నంతసేపూ పెద్దమ్మ నా మోచేతి పక్కనే నిలబడింది.

"మెల్లగానే! అది మా అమ్మే, పిండి వడియం కాదు."

"నేను నొక్కడం లేదు పెద్దమ్మా, ఆనిస్తున్నాను."

"ఆనించు. కానీ లాక్లన్‌తో చెప్పు. కాదనిపిస్తే కాదనే రాయమను. మొహమాటానికి అవునన్నాడంటే లూనెన్‌బర్గ్ దాకా వచ్చి చెవి మెలేస్తాను."

ఇలా అంటుంది గానీ, సాయంత్రం పోస్టు వచ్చే వేళకు కిటికీ దగ్గర నుంచి కదలదు. ఉప్పు చేపా బంగాళదుంపా పట్టుకెళ్తే, తినకుండా ఆర్చీ మీద పడుతుంది. "రాయి మీద చోటు లేదా వాడికి? చోటు లేకపోతే నా సమాధి రాయి మీద రాయమను" అంటుంది. ఎనభై దాటిన మనిషి. మిగతావన్నీ వదిలేసింది, ఈ ఒక్కటి పట్టుకుంది. ఇది తేలకుండా ఆవిడ పోతే నాకు జీవితాంతం బాధగానే ఉంటుంది బావగారూ, ముందే చెబుతున్నాను.

ఆ గ్లాస్టర్ మాట ఊరికే పుట్టలేదన్నారు. మొదట అన్నదెవరో మీకు తెలుసా?

మీ మరదలు
ఎఫీ


లూనెన్‌బర్గ్.
జనవరి 12, 1959

ఎఫీకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. తొందరపడి చూసే పని కాదు.

రెండు ముద్రల్నీ వారాల తరబడి కిటికీ దగ్గర తిప్పాను. రెండిటిలోనూ జెండా వేలాడుతోంది. అలలు రెండిటిలోనూ ఒకే చోట ఆగాయి. కానీ వేలాడే జెండా అచ్చులు చాలానే ఉన్నాయి, దాన్నిబట్టి తేల్చకూడదు.

తేడా ముందు స్తంభం దగ్గర ఉంది. రాడీకి దొరికిన బిళ్లలో ఆ స్తంభం నుంచి, ఓడ ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుకర్ర కొస దాకా తాడు బిగించి ఉంది. ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలై, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆ తాడు నేను ఎన్ని ఓడలకు కట్టానో నాకే తెలియదు, కళ్లు మూసుకుని గుర్తుపడతాను. పెద్దమ్మ బిళ్లలో అది లేదు. అరిగి పోయిందేమో అనుకోవడానికి కూడా లేదు. ఆ చోట బిళ్ల నున్నగా ఉందే గానీ, దానికంటే పల్చటి గీతలు పక్కనే బతికి ఉన్నాయి. ఒక అచ్చు చెక్కినవాడు తాడు కట్టాడు, రెండో అచ్చు చెక్కినవాడు కట్టలేదు.

రెండూ వేరు వేరు అచ్చులు. జంట కాదు. ఆ ఓడ అరబెల్లా అనడానికి ఆధారం లేదు.

మెత్తగా ఎలా చెప్పాలో నీకే బాగా తెలుసు.

లాక్లన్


సెయింట్ పీటర్స్ రేవు.
జనవరి 30, 1959

బావగారికి,

ఉత్తరం అందింది. పెద్దమ్మకు చెప్పలేదు. ఇంకా చూస్తున్నారని అబద్ధమాడాను.

నేనడిగినదానికి మీరు జవాబు రాయలేదు. పర్వాలేదు, పెద్దమ్మే చెప్పింది. మంచు గడ్డకట్టి పోస్టు రాని రోజున ఇద్దరం టీ తాగుతుంటే మామూలుగా అనేసింది. గ్లాస్టర్ రేవులో మర్డాక్ ఫిన్లేసన్‌ను, చేతికి ఒక ఆడమనిషిని తగిలించుకుని వెళ్తుండగా కళ్లారా చూశానని, చర్చి బయట నిలబడి చెప్పింది మామగారట. మీ నాన్న, నా మొగుడి నాన్న.

ఇన్నేళ్లుగా ఈ ఇంటి కోడలిని. ఆ ముసలావిడ నా చేతి వంట తింటోంది. ఒక్కనాడైనా నన్ను పరాయిదానిలా చూడలేదు. మీ తమ్ముణ్ని అడిగితే తలొంచుకుని బూట్ల వైపు చూశాడు. మీ అన్నదమ్ములిద్దరికీ తెలుసన్నమాట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు అచ్చుల సంగతి తెలియదు. ఒక్కటే అడుగుతాను, కోపం తెచ్చుకుంటే తెచ్చుకోండి. ఆ ముద్రలను మీరు మీ కళ్లతో చూశారా, మామగారి కళ్లతో చూశారా?

ఎఫీ


లూనెన్‌బర్గ్.
ఫిబ్రవరి 16, 1959

ఎఫీకి,

నా కళ్లతోనే చూశాను. నా వృత్తి మీద నాకు నమ్మకముంది. తాడు తాడే.

మా నాన్న సంగతి ఉత్తరాల్లో చర్చించే విషయం కాదు.

ఇక్కడ చలి బాగా ఉంది.

లాక్లన్


సెయింట్ పీటర్స్ రేవు.
మార్చి 29, 1959

బావగారికి,

మీ ఉత్తరం చదివాక నెల రోజుల పైన కలం ముట్టుకోలేదు. ఇప్పుడు రాస్తున్నది నా కోసం కాదు.

మొన్న ఆదివారం పెద్దమ్మకు సూప్ పట్టుకెళ్లాను. గిన్నె పక్కన పెట్టించి, కుర్చీ చూపించింది.

"ఎదురుగా కూచో."

"ఎక్కడైతే ఏంటి పెద్దమ్మా?"

"జనవరి నుంచి నువ్వు నా పక్కన కూచుంటున్నావు. అంతకుముందు ఎదురుగా కూచునేదానివి. లాక్లన్ కాదన్నాడు కదూ?"

ఇక దాచలేకపోయాను. ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. తాడు సంగతి కూడా. ఆవిడ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కాసేపు సూప్ కలిపింది.

"వాడు బిళ్ల చూసి చెప్పాడా, ముద్ర చూసి చెప్పాడా?"

"ముద్రే."

"పెళ్లికొడుకు ఫొటో చూసి పెళ్లాడినట్టుంది. అసలుది చూడమను."

అని ఏప్రన్ జేబులోంచి బిళ్ల తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది. నేను ఒద్దన్నాను. పోస్టులో పోతే ఎలా అన్నాను.

"పోతే పోనీ. దీన్ని పట్టుకుని కూచున్నంతకాలం మాకు జరిగిందేంటి? మా అమ్మ నమ్మింది, నమ్మలేదు, మళ్లీ నమ్మింది. అలాగే పోయింది. నేను అలా పోను. లాక్లన్ తండ్రి ఏమన్నాడో నాకు అనవసరం. లాక్లన్ చిన్నప్పుడు మా దొడ్లో యాపిల్స్ దొంగిలించి, అడిగితే ఒప్పుకున్న వెధవ. వాడు చూసి కాదంటే, కాదనే నమ్ముతాను. ఇక ఆర్చీ జోలికి వెళ్లను."

అందుకని రెండు బిళ్లలూ పంపుతున్నాను. పెద్దమ్మ తనే ఉన్ని గుడ్డలో కుట్టి ఇచ్చింది. కుట్లు చూడండి, ఈ వయసులో ఎంత తిన్నగా ఉన్నాయో. జాబితా పోయే గడువు మీకు గుర్తుంది.

నేను వాడిన మాట పరుషమైంది. మరీ తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఎఫీ


లూనెన్‌బర్గ్.
ఏప్రిల్ 13, 1959

ఎఫీకి,

ముందు ఇది చదివి, తర్వాత కూర్చుని మిగతాది చదువు. రెండూ జంట బిళ్లలే. ఒకే అచ్చు. ఆ ఓడ అరబెల్లా.

ఎలాగో చెబుతాను. ఉన్ని గుడ్డ కుట్లు విప్పి, మొదట రాడీకి దొరికిన బిళ్లను కిటికీ దగ్గర పెట్టాను. తాడు కనిపించింది. అనుకున్నదే. నీ మీద కోపంగానే ఉన్నాను కాబట్టి, నిన్ను ఓడించడానికి దాన్ని ఇంకా తిప్పాను. తిప్పేసరికి ఆ తాడు ముక్కుకర్ర కొస దగ్గర ఆగలేదు. కర్ర దాటి, ఖాళీ ఆకాశంలోకి వెళ్లి, బిళ్ల అంచున పళ్లలా ఉండే గీతల్లోంచి బయటికి పోయింది. ఎఫీ, ఏ ఓడకైనా తాడు ఓడలో కడతారు, ఆకాశం అంచుకు కట్టరు. అది తాడు కాదు. అచ్చులో పగులు. ఉక్కు అచ్చు పగిలితే, ఆ పగులులోకి రాగి పొంగి బిళ్ల మీద గీతలా లేస్తుంది.

ప్లాస్టర్ ముక్కలో అది నాకెందుకు కనబడలేదు? కోకో డబ్బాలో పట్టడానికి నువ్వు చుట్టూ చెక్కావు కాబట్టి. సరిగ్గా కర్ర కొస దాకా ఉంచి, మిగతాది తీసేశావు. అయితే తప్పు నీ కత్తిది మాత్రమే కాదు. తాళ్ల సంగతి తెలియని మనిషి ఎవరైనా దాన్ని చూసి, ఏదో గీత అనేవాడు. అంచు ఏదీ, మిగతా ముక్క ఏదీ అని అడిగేవాడు. నాకు అడగాలని తోచలేదు. తాడు ఉండాల్సిన చోట గీత ఉంటే నా కళ్లు దానికి ముడి కూడా వేసేశాయి.

తర్వాత పెద్దమ్మ బిళ్ల తీశాను. ఆ చోటే, అంచు దగ్గర వెతికాను. వాళ్లమ్మ వేలు ఓడను అరగదీసింది గానీ, అంచు దాకా పోలేదు. అక్కడ ఆ పగులే ఉంది. వెంట్రుకంత, అంచులో పుట్టి వెంటనే ఆగిపోయింది. అంటే ఆవిడ బిళ్ల అచ్చు పగలడం మొదలైనప్పుడు కొట్టింది. ఓడలో దొరికింది ఆ పగులు స్తంభం దాకా పాకాక కొట్టింది. అచ్చు ఒకటే. సరిగ్గా ఆ చోట పగిలిన అచ్చు ఇంకోటి నేను చూడలేదు. వాటిని విడదీసిన గీతే ఇప్పుడు కలిపింది. బిళ్లలు కొత్తగా ఉన్నప్పుడు ఈనియస్ ముసలాయన ఆ గీత చూడకుండా ఉండడు. మిగతా ఓడంతా సరిపోయింది కాబట్టి పట్టించుకుని ఉండడు.

ఆర్చీ అడిగిన మిగతా రెండు ఓడల జంట బిళ్లలు, ఒకటి సూరిస్‌లో, ఇంకోటి షార్లట్‌టౌన్‌లో, కెప్టెన్ల మనవల దగ్గర ఉన్నాయి. కొనడానికి వెళ్లి ఎప్పుడో చూశాను, అమ్మలేదు. రెండిటిలోనూ జెండా ఎగురుతూ ఉంటుంది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఇక నువ్వడిగింది. ఎవరి కళ్లతో చూశావని. నాకు తెలియదు. నా కళ్లేననుకున్నాను. కాదంటే మా నాన్న మాట నిలుస్తుందన్న ఆలోచన నా బుర్రలో ఎక్కడో లేదని ప్రమాణం చేయలేను. ఆయన గ్లాస్టర్‌లో ఎవరినో చూసే ఉంటాడు. దూరం నుంచి చూసి ఉంటాడు. ఆ తర్వాత చెప్పినకొద్దీ ఆ మనిషి దగ్గరికొచ్చాడు, చేతికి ఆడమనిషి వచ్చింది. ఆయన కథ చెబితే చలికాలంలో ఊరంతా పొయ్యి చుట్టూ చేరేది, నీకూ తెలుసు. ఆ కథ ఒక ఇంటి మీద పడిందని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

కమిటీకి రాసిన కాగితం ఇందులోనే పెట్టాను. బిళ్లల సంగతి వివరంగా రాశాను. గ్లాస్టర్ మాట మొదట అన్నది మా నాన్న అలెక్ బీటన్ అనీ, అది పొరపాటనీ పేరుతో సహా రాసి సంతకం పెట్టాను. ఆర్చీని చర్చిలో గట్టిగా చదవమను. ఆ మాట పుట్టింది అక్కడే కదా. రాడీ నొచ్చుకుంటే నా మీద కోప్పడమను.

బిళ్లలు రెండూ అదే ఉన్ని గుడ్డలో వెనక్కి పంపుతున్నాను. నా కుట్లు చూసి పెద్దమ్మ నవ్వినా పర్వాలేదు.

మీ బావగారు
లాక్లన్


సెయింట్ పీటర్స్ రేవు.
మే 10, 1959

బావగారికి,

నమస్కారాలు. నా కత్తిని బావిలో పారేశాను. మీ కళ్లను కూడా పారేద్దామన్నాడు మీ తమ్ముడు. కోపం లేదని అర్థం. ఆర్చీ చర్చిలో కాగితం చదువుతున్నప్పుడు మీ నాన్న పేరు రాగానే మీ తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో తనకే తెలియదన్నాడు. చదవడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. నేనూ పక్కన నిలబడ్డాను.

పెద్దమ్మకు అంతకుముందే చెప్పాను. మీ ఉత్తరం రాగానే పరుగెత్తుకెళ్లాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించాను. పగులు దగ్గరికొచ్చేసరికి రెండు బిళ్లలూ ఒళ్లో పెట్టుకుని అంచులు తడిమింది.

"ఎక్కడ దొరికిందే ఆ ఓడ?"

"మన ఇసుక తిన్నె దగ్గరే పెద్దమ్మా."

"అంటే వచ్చేశాడు. రేవు కనిపిస్తూ ఉంటుంది అక్కడికి."

"కనిపిస్తుంది."

"నవంబరు నీళ్లు" అంది. మళ్లీ కాసేపటికి, "అప్పటికి ఎంతని వాడికి! ఇరవై ఏడు. మీ మూడోవాడి కంటే చిన్న. ఈత కూడా రాదుట, మా అమ్మ అనేది. పాపం కుర్రాడు."

తండ్రిని కుర్రాడంటోందని ఆవిడకు తెలియనే లేదు. తర్వాత తెలిసి, చేత్తో నోరు మూసుకుంది. అప్పుడు ఏడ్చింది బావగారూ. అంతకుముందు ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పట్టుకుంటే పిట్టంత ఉంది.

నాకప్పుడు అర్థమైంది. ఆవిడకు ఇన్నాళ్లూ తండ్రి బతికే ఉన్నాడు. గ్లాస్టర్‌లో తింటూ, తాగుతూ, ముసలివాడవుతూ ఉన్నాడు. ఈవిడ ఇక్కడి నుంచి తిడుతూ ఉంది. ఆ మనిషి పోయిన వార్త ఆవిడకు ఈ ఏప్రిల్‌లో అందింది.

ఆర్చీ మాట నిలబెట్టుకున్నాడు. జాబితా పట్టుకుని స్వయంగా వచ్చి, టోపీ తీసి, ఎలా చెక్కించమంటారని అడిగాడు.

"పేరు చెక్కించు. ఓడ పేరు చెక్కించు. పక్కన వయసు కూడా వెయ్యి."

"వయసులు ఎవరికీ వెయ్యడం లేదు బెల్లా గారూ. అందరికీ ఒకేలా ఉండాలి కదా."

"అందరూ ఒకేలా పోయారా? మిగతావాళ్లను మీరెవరూ ముసలాళ్లను చెయ్యలేదు. మా నాన్నకు మాత్రం ఊరంతా కలిసి నెరిసిన జుట్టు పెట్టారు, బొజ్జ పెట్టారు, పక్కన ఆడదాన్ని పెట్టారు. వాడికి ముప్పై కూడా రాలేదని తెలియాలి. ఇరవై ఏడు అని చెక్కు. ఆ కేప్ బ్రెటన్ పిల్లలిద్దరి పేర్లూ కనుక్కుని వాళ్లనీ వెయ్యి. వాళ్లకీ అమ్మలుంటారు."

ఆర్చీ కాదనలేదు. రాసుకున్నాడు. వాళ్ల పేర్లకు రాయి మీద చోటు వదలమని చెప్పి, కేప్ బ్రెటన్ చర్చిలకు ఉత్తరాలు రాస్తున్నారు.

లాబ్‌స్టర్ల వేటకు పడవలు దిగాయి, మీ తమ్ముడికి తిండికి కూడా తీరిక లేదు. పెద్దమ్మ రోజూ ఇసుక తిన్నె దాకా నడుస్తానంటుంది. నిన్న నేనూ వెళ్లాను. ఓడను మళ్లీ ఇసుక కప్పేసింది, చూడ్డానికి ఏమీ లేదు. గాలికి నిలబడలేక నా చెయ్యి పట్టుకుంది. తిరిగొస్తుంటే దారిలో అడిగింది.

"ఎఫీ, నేను తిట్టినవన్నీ వాడికి వినపడి ఉంటాయా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను.

"మరి ఇప్పుడు ఏడిస్తే?"

ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను. మీకేమైనా తోస్తే రాయండి. మీ పేరు చెప్పే చదివి వినిపిస్తాను, మీ మాటంటే ఆవిడకు నమ్మకం.

మీ మరదలు
ఎఫీ